పెంచిన చేత్తోనే పారేయడం



మా జేజికి చెవి కమ్మ శీల పోయిందంటే ఇల్లంతా ఊడ్చేది కాదు. ఎక్కడ కూర్చుని తల దువ్వుకుందో మళ్ళీ అక్కడే కూర్చునేది. దువ్వెన చేత్తో పట్టుకుని, పొద్దున ఎట్లా దువ్వుకుందో అట్లాగే దువ్వుతూ కిందికి చూసేది. శీల దొరికేది. "పోయినచోటే వెతుక్కోవాల నాయనా" అనేది నాతో. మా బనగానపల్లెలో ఈ మాట నేను ఇద్దరి నోట విన్నాను. ఒకరు మా జేజి. రెండో మనిషి మా చిన్నాయన. ఆయన ఆ మాట అనేది మాత్రం పేకముక్కల ముందు కూర్చుని, జేబు ఖాళీ అయినాక, ఇంకో వంద ఎవరన్నా బదులిస్తారేమోనని చుట్టూ చూస్తూ.

శీల పోయినచోటే ఉంటుంది. డబ్బు ఉండదు. అప్పటికే అది ఎదుటివాడి మోకాలి కింద మడత పడి ఉంటుంది.

ఈ పొద్దు నేను మాట్లాడాలనుకున్నది ఆ మోకాలి కింది డబ్బు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పందెం పెంచినవాడే మళ్ళీ ముక్కలు పారేయాల్సి రావడం గురించి. పారేయడం పెద్ద విద్యేమీ కాదు, చెత్త ముక్కలొస్తే ఎవరైనా పారేస్తారు. పెంచి, ఆ పెంచిన చేత్తోనే పారేయడం కష్టం. పేకాట నేర్పడానికి వచ్చాననుకోవద్దు. నేర్పి తీరాల్సినంత తక్కువ మందికి తెలిసిన విద్య కూడా కాదు అది.

మూడు ముక్కలాట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. కూర్చున్నవాళ్ళంతా ముందు మధ్యలో సమానంగా డబ్బు వేస్తారు. తలా మూడు ముక్కలు పంచుతారు. ఆటలో ఉండాలంటే వంతు వచ్చినప్పుడల్లా డబ్బు వేయాలి, వద్దనుకుంటే ముక్కలు కింద పెట్టేయాలి. ముక్కలు చూడకుండా వేస్తే బ్లైండు. చూసినవాడు దానికి రెట్టింపు వేయాలి. చివరికి ఇద్దరు మిగిలితే, ఒకరు డబ్బు కట్టి షో అడగొచ్చు. 52 ముక్కల్లోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా పడతాయి. అందులో 16,440 రకాలు ఎందుకూ పనికిరానివి. జత లేదు, వరస లేదు, ఒకే రంగు లేదు. అంటే నాలుగుసార్లు పంచితే మూడుసార్లు మన చేతిలో ఉండేది చిత్తుకాగితమే. మూడు ఆసులూ ఒకే చేతికి వచ్చేవి 22,100లో నాలుగే. అయినా మూడు ఆసులు పడిన కథ లేని ఊరు లేదు. పడని ఇరవై రెండు వేల కథలు ఎవరు చెబుతారు?

నేను చూసిన ఒక ఆట చెబుతాను. పండగనాడు, వేపచెట్టు కింద, నాపరాళ్ళు పరిచిన అరుగు మీద ఆరుగురు కూర్చున్నారు. నాకు పన్నెండేళ్ళు, సోడాలు తెచ్చే పని నాది. ముందు తలా పది వేశారు. చిన్నాయనకు రాజుల జత పడింది, పక్కన ఏడు. వెనక నిలబడి చూశాను కాబట్టి నాకు తెలుసు. రాజుల జత అంటే నూటికి తొంభై సార్లు ఎదుటివాడి ముక్కల కంటే పెద్దదే. ముగ్గురు ముక్కలు కింద పెట్టేశారు. మిగిలిన ముగ్గురూ తలా ఇరవై వేశారు. చిన్నాయన దాన్ని నలభై చేశాడు. చేయాల్సిన పనే. ఇంకొకాయన లేచి బీడీ ముట్టించుకున్నాడు.

ఇంక మిగిలింది ఒక్కడు. నాపరాళ్ళ పాలిషింగులో పనిచేసే మనిషి. చొక్కా మీద ఎప్పుడూ రాతిపొడి, మధ్యమధ్య దగ్గు, మాట తక్కువ. పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా పందెం పెంచలేదు. నచ్చకపోతే పారేయడం, నచ్చితే సమానంగా వేయడం, అంతే. ఆ మనిషి ముక్కలు ఒకసారి చూసుకుని, తిరిగి బోర్లించి, వాటి మీద సోడా మూత పెట్టి, ఎనభై వేశాడు.

ఇక్కడ ఆగి చూద్దాం. నూటికి తొంభై అన్నానే, అది ఎదుటివాడి చేతిలో ఏ ముక్కలైనా ఉండొచ్చు అనుకున్నప్పటి లెక్క. పొద్దున్నుంచీ పెంచని మనిషి పెంచాక, వాడి చేతిలో ఏవైనా ఉండొచ్చుననుకోవడానికి లేదు. చిత్తుకాగితం పట్టుకుని ఎనభై వేసే రకం కాదు వాడు. కాబట్టి చిన్నాయన చేతిలో ఉన్నవి అవే రాజులైనా, ఒక్క నిమిషంలో వాటి విలువ పడిపోయింది. ముక్కలు మారలేదు, వాటి గురించి తెలిసింది మారింది.

మధ్యలో అప్పటికి 240 రూపాయలున్నాయి. షో అడగాలంటే 80 కట్టాలి. ఇట్లాంటి చోట నాలుగుసార్లు షో అడిగి మూడుసార్లు ఓడితే 240 పోతుంది. నాలుగోసారి గెలిస్తే 240 వస్తుంది. చెల్లుకు చెల్లు. కాబట్టి చిన్నాయన తనను తాను అడగాల్సింది ఒక్కటే: ఈ దగ్గు మనిషి మీద నాలుగింటిలో ఒక్కసారైనా నేను గెలుస్తానా? గెలుస్తాననిపిస్తే కట్టాలి, లేదనిపిస్తే కింద పెట్టాలి.

ఆ లెక్కలో చిన్నాయన అంతకుముందు వేసిన 70 ఎక్కడా వేరుగా కనపడదు. 240లో అదీ ఒక భాగం. దానికి వేరే రంగు లేదు, దాని మీద ఆయన పేరు లేదు. అట్లాగని మధ్యలో డబ్బును పట్టించుకోకూడదని కాదు. అక్కడ 240 బదులు 800 ఉండి ఉంటే, పదింటిలో ఒక్కసారి గెలిచే ఆశ ఉన్నా 80 కట్టడమే న్యాయం. పెంచి పెంచి మధ్యలో గుట్ట పడ్డాక, ఆఖరి చిన్న పందేనికి భయపడి పారేసేవాళ్ళనూ చూశాను. అదీ తెలివి కాదు. గుట్ట ఎంతుందో చూడాలి, అందులో నాది ఎంతుందని మాత్రం చూడకూడదు.

చిన్నాయన అదే చూశాడు. బొటనవేలితో రాజు ముక్క మూల రుద్దుతూ, "నా డెబ్బై ఉండాయి గదరా దాంట్లో" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు. షో కూడా అడగలేదు. 160 వేశాడు. రాతిపొడి మనిషి ఇంకొంత కట్టి షో అడిగి ముక్కలు తిప్పాడు. మూడూ ఇస్పేట్లు.

పోకర్ ఆడేవాళ్ళ మధ్య ఇది పాత చర్చ. చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు, ఆట వేరైనా చిక్కు ఇదే. బాగా ఆడేవాళ్ళు పందెం పెంచే ముందే ఒక సంగతి తేల్చుకుంటారు: అవతలివాడు దీన్ని తిరిగి పెంచితే నేనేం చేస్తాను? పారేస్తాను అని ముందే అనుకుని పెంచినవాడికి, పారేసేటప్పుడు చెయ్యి వణకదు. పెంచడంలో వాడికి కావాల్సింది అవతలివాడి సంగతి తెలియడం, తెలిసింది, దానికి కట్టిన రుసుము పోయింది. అనుకోకుండా పెంచినవాడే ఇరుక్కుంటాడు.

చిన్నాయనకు ఆ లెక్క రాదని నేను అనుకోను. శనగ మూట చేత్తో ఎత్తి తూకం చెప్పే మనిషికి నాలుగో వంతు అంటే తెలియదా! ఆయన్ని ఆపింది లెక్క కాదు, చెట్టు కింది నవ్వు. "ఏందిబ్బా, పెంచి పారేస్తాండావే" అని ఒకడంటాడు, మిగతా నలుగురూ నవ్వుతారు. మా సీమలో పందెం పెంచడమంటే మాట ఇచ్చినట్టే. పారేయడమంటే మాట తప్పినట్టు. ఆ నవ్వు ధర 160 కంటే ఎక్కువని ఆయన లోపల లెక్క కట్టుకున్నాడు.

వెనక్కి తగ్గడం అంత తలవంపేమీ కాదని చెప్పడానికి మా ఊరి చరిత్రే ఉంది. 1783లో బనగానపల్లె జాగీర్దారు హుసేన్ అలీ ఖాన్ చనిపోతే, పిల్లవాడైన కొడుకు తరఫున బాబాయి వ్యవహారం చూశాడు. ఏడాది తిరక్కముందే టిప్పు సుల్తాను సేన వాళ్ళను తరిమేసింది. వాళ్ళు హైదరాబాదు వెళ్ళి తలదాచుకున్నారు. 1789లో తిరిగొచ్చి ఊరు దక్కించుకున్నారు. 1948లో సంస్థానం విలీనమయ్యేనాటికి ఇక్కడ ఏలుతున్నది ఆ వంశమే. ఊరొదిలి పోయారని వాళ్ళను చూసి ఎవరు నవ్వారో, ఆ పేర్లు మాత్రం చరిత్రలో లేవు.

తగ్గలేకపోయినవాడు ధర్మరాజు. ఆయన కథ అందరికీ తెలిసిందే అయినా, అందులో ఒక ముక్క మనం గబగబా దాటేస్తాం. మొదటి జూదంలో పోయిందంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. రాజ్యం వచ్చింది, తమ్ముళ్ళు వచ్చారు, ద్రౌపది వచ్చింది. ఇంద్రప్రస్థం దారి పట్టాక, మళ్ళీ ఆడదాం రమ్మని కబురొచ్చింది. పెద్దాయన పిలిచాడు, కాదనకూడదు అనుకుని రథం తిప్పాడు. పోయినచోట వెతుక్కోవడానికి పోగొట్టుకున్నదేదీ మిగల్లేదు అప్పుడు. పరువు ఒక్కటే లాక్కెళ్ళింది.

రమ్మీలో ఈ నవ్వుల గొడవ లేదు. ఎందుకంటే, పారేయడానికి ధర ముందే రాసిపెట్టారు. పదమూడు ముక్కలు చేతికొచ్చాయి, ఒరిజినల్ వరస కుదిరే జాడ లేదు, జోకరు లేదు. ఒక్క ముక్క కూడా ఎత్తకుండా స్కూట్ అంటే 20 పాయింట్లు. ఎత్తి చూసి, కాదనుకుని మధ్యలో దిగిపోతే 40. చివరిదాకా పట్టుకుని వేలాడి ఫుల్ కౌంట్ ఇచ్చుకుంటే 80. మూడు ధరలూ కళ్ళ ముందున్నాయి కాబట్టి ఇరవై ఇచ్చి దిగేవాణ్ణి ఎవరూ పిరికివాడనరు. "తెలివిగల్లోడు" అంటారు. అట్లాగని స్కూట్ చేస్తూ కూర్చుంటే సరిపోదు. 101 ఆటలో ఐదుసార్లు స్కూట్ చేస్తే 100, ఇంకా ఆటలోనే ఉంటాం. ఆరోసారి చేస్తే చాప దులుపుకుని లేవాల్సిందే. ఎప్పుడో ఒకప్పుడు ఆడక తప్పదు. పారేయడమూ ఆడటంలో భాగమే అని రమ్మీ ఆడే ముసలాయన ఎవరినడిగినా చెబుతాడు.

ఈ సంగతి మన దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టు కూడా చెప్పింది, అదీ మన తెలుగు నేల మీది కేసులోనే. 1963లో సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడిస్తున్నారని కేసు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. మూడు ముక్కలాట లాగా రమ్మీ ఉత్త అదృష్టం మీద నడిచే ఆట కాదు, ఇందులో నైపుణ్యమే ఎక్కువ అని. ఆ నైపుణ్యం ఎక్కడుందో కూడా చూపించారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో, ఏది ఉంచుకోవాలి, ఏది పారేయాలి అని తేల్చుకోవడంలో. నాకు ఆ తీర్పులో నచ్చేది అదే. మంచి ముక్కలు రావడం ఎవరి గొప్పా కాదు, పారేయడం మాత్రం మనదే.

నైపుణ్యం అనే మాట మీద తర్వాత చాలా వ్యాపారాలు నడిచాయి. చెట్టు కింది ఆట ఫోనులోకి దూరింది. అక్కడ చీకటి పడదు, సోడాలు తెచ్చే పిల్లాడు ఇంటికి రమ్మని చెయ్యి పట్టి లాగడు, ఎదుటివాడి దగ్గూ వినపడదు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా కుదరదని. నన్నడిగితే మంచి పనే. ఎప్పుడు పారేయాలో తెలిసినవాడికి కూడా, ఎప్పుడు లేవాలో చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

ఇంక మా ఊరి అసలు పేకాట సంగతి. దాన్ని ఎవరూ పేకాట అనరు.

బనగానపల్లె అనగానే మీకు మామిడి గుర్తొస్తుంది. బంగినపల్లి అన్నా, బేనిషాన్ అన్నా మా ఊరి పండే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పండు మీకు తెలుసు, దాని వెనక నడిచే జూదం తెలియకపోవచ్చు. తోట పూత మీదున్నప్పుడే వ్యాపారి వచ్చి గుత్తకు మాట్లాడుకుంటాడు. మామిడి పూవుల్లో నూటికి ఒక్కటి కూడా కాయగా నిలవదు. ఆ సంగతి తెలిసే బయానా ఇస్తాడు. ఆ తర్వాత తేనెమంచు పురుగుంది, బూడిద తెగులుంది, పిందె మీద ఈదరగాలి ఉంది. పిందె దశలో వ్యాపారి మళ్ళీ తోటకొస్తాడు. చెట్టు చెట్టుకూ తిరిగి, కింద రాలిన పిందెలను చెప్పుతో కదిలించి చూస్తాడు. నిలుస్తుందనుకుంటే మందులకూ కాపలాకూ ఇంకా డబ్బు పెడతాడు. నిలవదనుకుంటే బయానా వదిలేసుకుని, తోట గల రైతుకు దండం పెట్టి వెళ్ళిపోతాడు. బయానా పోయిందని ఏడుస్తూ, దాన్ని వెతుక్కోవడానికి ఇంకో లక్ష పోసినవాడు ఆ వ్యాపారంలో ఎక్కువ కాలం ఉండడు. రైతుకు ఆ వీలు లేదు. చెట్లు ఆయనవి, పారేసి ఎక్కడికి పోతాడు?

ఆ మాటకొస్తే బోరుబావి కంటే పెద్ద పందెం సీమలో లేదు. మా చిన్నాయన పేకాట మానేశాడు గానీ బోర్లు మానలేదు. రెండు వేయించాడు. ఒకటి 480 అడుగులు, రెండోది 510. రెండింట్లోనూ దుమ్మే. రెండో దానికి పిన్నమ్మ గాజులు పోయాయి. మూడో దానికి నీళ్ళు చూసే మనిషిని పిలిచి, ఆయన అరచేతిలో టెంకాయ నిలువుగా లేచిన చోట సున్నంతో గుర్తు పెట్టారు.

ఆ సాయంత్రం జేజి చేను దాకా నడిచొచ్చింది. ఆమెకు పేకాట తెలీదు, కమ్మ శీల వెతకడం తెలుసు. ఒక బొగ్గు ముక్క చిన్నాయన చేతికిచ్చి, "ఎన్ని అడుగులకు ఆపుతావో ఇప్పుడే రాయి. బండి కూత మొదలైనాక నీకు బుద్ధి ఉండదు" అంది. ఆయన చేతిలో ఉన్న డబ్బు, తేగలిగిన అప్పు లెక్క చూసుకుని గట్టు మీది నాపరాయి మీద 350 అని రాశాడు.

బోరు లారీ రాత్రి వచ్చింది. పసుపు, కుంకుమ, టెంకాయ. కంప్రెసర్ మొదలయ్యాక పక్క మనిషి మాట పక్క మనిషికి వినపడలేదు. బూడిదరంగు పొడి చెట్ల మీద, మా తలల మీద, జేజి కప్పుకున్న దుప్పటి మీద. రాడ్డుకు రాడ్డు కలుపుతున్నారు. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. మూడు వందలు దాటితే అడుగు రేటు పెరుగుతుంది, నాలుగు వందలు దాటితే ఇంకా పెరుగుతుంది. లోతు పోయేకొద్దీ ఆశ తగ్గాలి, రేటేమో పెరగాలి. దుర్మార్గమైన ఆట.

340 దగ్గర పొడి రంగు మారింది. ముద్దగా పడింది. చిన్నాయన పరిగెత్తి చేత్తో తీసుకుని వాసన చూశాడు. నా చేతిలోనూ పెట్టాడు. చల్లగా ఉంది. పాడె దించినప్పుడు చెవిలో పేరు పెట్టి పిలుస్తారే, ఆ దింపుడు కళ్ళెం ఆశ లాంటిది అది. ఇంకో పది అడుగులకు మళ్ళీ పొడి. మిషను మీది మనిషి చెయ్యెత్తి అరిచాడు: "అన్నా, ఆపల్లా, పోనీల్లా? తడి తగిలింది, ఇంగో రెండు రాడ్లు చూస్తే..."

చిన్నాయన గట్టు రాయి వైపు చూశాడు. జేజి ఏమీ అనలేదు, లాంతరు మాత్రం ఆ రాయి పక్కకు జరిపింది.

"ఆపు" అన్నాడు.

తర్వాతి సంవత్సరం పక్క చేనాయన, మా గుర్తుకు అరవై అడుగుల దూరంలో బోరు వేయించాడు. 410 అడుగుల దగ్గర రెండించుల నీళ్ళు పడ్డాయి. ఊరంతా వచ్చి చూసింది. "ఇంగో మూడు రాడ్లు పోయింటే నీకే పడుండు గదప్పా" అని చిన్నాయనతో అననివాళ్ళు లేరు. ఆయన ఆ మాట ఇప్పటికీ మరచిపోలేదు. నిద్రలో కూడా మూడు రాడ్లు లెక్కపెడతాడని పిన్నమ్మ అంటుంది.

నా తీర్పు మాత్రం వేరే. ఆయన 350 దగ్గర ఆపడం సరైన పనే. పక్క చేన్లో నీళ్ళు పడినందువల్ల అది తప్పయిపోదు, పడకపోయుంటే గొప్పా అయ్యేది కాదు. ఆ రాత్రి ఆయన చేతిలో ఉన్నది 410 దగ్గర నీళ్ళున్నాయన్న సంగతి కాదు. రెండు ఎండు బోర్లు, పెరిగే రేటు, తడిసిన పిడికెడు పొడి, రాయి మీద ముందే రాసుకున్న అంకె, అంతే. పెంచి పారేసినవాడు తర్వాత ఎదుటివాడి ముక్కలు తిప్పి చూడకూడదంటారు పేకాట పెద్దలు. చేను పక్కనే ఉన్నప్పుడు చూడకుండా ఎట్లా ఉంటాడు, పాపం.

మూడో బోరు అప్పు రెండేళ్ళలో తీరింది. పక్క చేను నీళ్ళు ఇంకా వస్తున్నాయి. మా చిన్నాయన చేను ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. వాన పడితే శనగ, పడకపోతే బీడు.